మేస్త్రీ దిష్టితీగ

మేస్త్రీ పోయాడని ఆదోని నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఎమ్మిగనూరులో మా బట్టల కొట్లో ఒకావిడకు చీర విప్పి చూపిస్తున్నాను. ఫోన్ చేసింది మేస్త్రీ షెడ్డు పక్కన టీ బంకు నడిపే మనిషి. "అన్నా, మేస్త్రీ పోయినాడు. పొద్దున్నే లేసి కూసున్నాడంట. వాళ్ళింటి పెద్దమ్మ టీ తెచ్చేలోపల, కూసున్నట్టే పోయినాడు" అన్నాడు. నాకు ఆ చీర మడతపెట్టడం కూడా చేతకాలేదు. బల్లమీద అట్లాగే వదిలేశాను. పాపం ఆవిడే మడతపెట్టి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది.

ఆయన పాతకార్ల మేస్త్రీ. మా పక్క ఎవరి ఇంట్లోనైనా తాతల నాటి అంబాసిడర్ రేకుల షెడ్డు కింద తుప్పు పడుతూ ఉండి, దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలనే పిచ్చి ఎవరికైనా పుడితే, ఆదోనిలో ఆయన దగ్గరికి రావలసిందే. గూడూరు నుంచి వచ్చేవాళ్ళు, బళ్ళారి నుంచి వచ్చేవాళ్ళు. మా నాన్న టాక్సీ నడిపిన రోజుల నుంచీ మా బండికి ఆయనే మేస్త్రీ.

దినాల కార్డులో ఎవరో "మృదుభాషి, అజాతశత్రువు" అని అచ్చేయించారు. చదివి నవ్వొచ్చింది. కార్డులు అచ్చేసేవాళ్ళ దగ్గర ఆ రెండు మాటలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయనుకుంటాను, పేరు మార్చి అందరికీ తగిలిస్తారు. అది కూడా డూప్లికేట్ సామానే. మేస్త్రీ మృదుభాషి కాదు. నోరు విప్పితే ఎదుటివాడి మొహం మాడిపోయేది. ఆయనకు శత్రువులు కావలసినంతమంది ఉన్నారు. ఆదోనిలో, ఎమ్మిగనూరులో స్పేర్ పార్టులమ్మే కొట్లవాళ్ళలో సగం మంది ఆయన పేరెత్తితే ఉమ్మేసేవాళ్ళు. ఆ ఉమ్ము ఆయన సంపాదించుకున్న గౌరవం.

ఆయన షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఒక ఇనుప తీగ కట్టి ఉంటుంది. అందరి అంగళ్ళ ముందు దిష్టికి బూడిద గుమ్మడికాయ కడతారు, నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చుతారు. మేస్త్రీ మాత్రం పనికిమాలిన డూప్లికేట్ సామాన్లు కట్టేవాడు. తొడిగిన వారానికే పగిలిన ఫ్యాను రెక్క, రెండు వానలకే తుప్పు పట్టిన లైటు రింగు, వేడికి వంకరపోయిన మూత, ఇట్లాంటివి. ఒక్కోదాని కింద నూనె డబ్బా కోసిన చిన్న రేకు, ఆ రేకు మీద తెల్ల రంగుతో దాన్ని తెచ్చినవాడి పేరు, ఊరి పేరు. "ఇవి కట్టినాక దిష్టి యాడ తగుల్తాదప్పా? దిష్టే వీటిని సూసి జడుసుకుంటాది" అనేవాడు. ఆ తీగ మీద పేరెక్కడం కంటే పోలీసు స్టేషన్లో ఫోటో ఎక్కడం మేలనుకునేవాళ్ళు మా పక్క జనం.

ఆయన పోయేనాటికి ఆ తీగకు చివర వేలాడే రేకు మీద 'మేస్త్రీ, ఆదోని' అని రాసి ఉంది. అది ఉండకూడని పేరు. ఎట్లా ఎక్కిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఆయన్ను పొగడ్డానికి కాదు.

కొత్త సామాను చేతిలో పెడితే ఆయన మొదట దానివైపు చూసేవాడే కాదు. "పాతది యాడ?" అని అడిగేవాడు. బండిలోంచి ఊడదీసిన పాత సామాను తెస్తే కిరోసిన్లో కడిగి, తుడిచి, చెక్క మీద పెట్టేవాడు. దాని పక్కన కొత్తది పెట్టేవాడు. ఆ తర్వాత ఒక్కో అరచేతిలో ఒక్కోటి పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. బరువు తేడా చేతికి తెలిసిపోయేది. చిన్న స్పానరుతో రెండింటినీ తట్టి చెవి పెట్టేవాడు. మంచి ఇనుము మోగినట్టు డూప్లికేట్ ఇనుము మోగదు, గొంతు పూడుకుపోయినట్టు ఉంటుంది. "కొత్తదాన్ని మెచ్చొద్దు. పాతదాన్ని అడుగు" అనేవాడు. పాతది పాతినుము వాడికి వేసేశామని చెప్పినవాళ్ళ గతి ఇక చెప్పక్కర్లేదు. "సాచ్చిని సంపేసి కోర్టుకొచ్చినావే" అని వెనక్కి పంపేవాడు.

రబ్బరు సామాన్లకైతే మూడు పరీక్షలు. వాసన చూడడం, గోరు దించి చూడడం, ఆ తర్వాత స్టీలు గ్లాసులో బ్రేకు ఆయిలు పోసి రాత్రంతా నానబెట్టడం. మంచి రబ్బరు తెల్లారికి వేసింది వేసినట్టే ఉంటుంది. నాసిరకందైతే నానిన అటుకుల్లాగా ఉబ్బి, మెత్తబడి ఉంటుంది. నానబెట్టకుండా ఆయన ఏ బ్రేకు రబ్బరూ బిగించలేదు. ఒక్కసారి తప్ప.

ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆసామి తన పాత బండికి తళతళలాడే లైటు రింగులు కొనుక్కొచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. "బజార్లో ఇదే నంబర్ వన్ అన్నారు మేస్త్రీ" అన్నాడాయన. మేస్త్రీ ఒక రింగు తీసి ఉప్పునీళ్ళ బకెట్లో వేశాడు. రెండు రోజుల తర్వాత ఆసామి వచ్చేసరికి రింగు మీద పొరలు లేచి, కింద ఎర్రగా తుప్పు.

"అన్నా, జొన్నగిరి పక్క వాన పడితే సేన్లలో రాళ్ళేరుకుంటారే, వాళ్ళను సూసినావా?" అన్నాడు మేస్త్రీ.

"చూసినా."

"వాళ్ళు పొద్దంతా వంగి నూరు రాళ్ళు పారేస్తారు. నూటొకటోదాన్ని తుడిసి, ఎండకు పెట్టి, అప్పుడు జేబులో ఏసుకుంటారు. నువ్వు మిల్లు నడిపే మొగోనివి, మొదటి రాయే వజ్రమని ఇంటికి తెచ్చుకున్నావు."

ఆసామి పేరు తీగెక్కింది. ఆయన మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. పీడా పోయిందన్నాడు మేస్త్రీ.

అట్లాగని చౌక అంటేనే ఆయనకు కోపమనుకుంటే పొరపాటు. బాడుగ బండి తోలుకునే పేదవాడు తలుపు పిడికో, అద్దం చుట్టూ వేసే రబ్బరుకో డూప్లికేట్ తెచ్చుకుంటే ఒక్క మాట అనేవాడు కాదు, తనే బిగించి పంపేవాడు. "తలుపు పిడి ఊడితే సేతికొస్తాది. బ్రేకు ఊడితే పాణం మీదికొస్తాది. యాడ సవక పనికొస్తాదో, యాడ రాదో తెలిస్తే సాలు" అనేవాడు. ఆయన తిరస్కారమంతా మరొక జాతి మీద. ఉండీ కక్కుర్తి పడేవాళ్ళ మీద, తెలిసీ తెలియనట్టు నటించేవాళ్ళ మీద, నాసి సరుకును అసలు పెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళ మీద. ఈ జాతిని నేను కూడా అసహ్యించుకుంటాను. మా కొట్లోకి మరమగ్గం చీర తెచ్చి చేతి మగ్గమని చెప్పి అంటగట్టబోయిన వాళ్ళను పదిమందిలో నిలబెట్టి తిట్టి పంపాను. అంచు వేలితో రుద్దితే చాలు, ఏ మగ్గమో చెప్పగలను. ఇంత రోషమున్న మనిషిని నేను. ఆ రోషం ఎంత నికార్సైనదో ఇప్పుడు చెబుతాను.

నాన్న పోయిన తర్వాత మా బండి పన్నెండేళ్ళు కదల్లేదు. నాన్న ఉండగా ప్రతి శ్రావణ సోమవారం అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి తీసుకెళ్ళేవాడు. పోయిన ఏడు అమ్మ ఒకరోజు అన్నం తింటూ, "ఒక్కసారి ఆ బండిలోనే పోతే బాగుండు నాయనా, బస్సులో ఆ ముందు సీటు యాడొస్తాది" అంది. బండిని లారీ మీద ఎక్కించి మేస్త్రీ షెడ్డుకు తోలాను. ఐదు నెలలు పట్టింది. ఇంజను విప్పాడు, సీట్ల కింద ఎలుకలు కట్టిన గూళ్ళు తీశాడు, ఒక్కో సామాను కోసం బళ్ళారికి, హుబ్బళ్ళికి తనే బస్సెక్కి పోయాడు. నాకు ఒక్కటీ కొననివ్వలేదు. "నీకు బట్ట తెలుసు, ఇనుము తెలీదు. గమ్మునుండు" అన్నాడు.

ఆఖరికి మిగిలింది బ్రేకు రబ్బర్లు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత ఉంటుంది. చక్రం లోపల బ్రేకు ఆయిలు బయటికి కారకుండా ఆపేది అదే. రెండు చక్రాలకు సరిపడా అసలు రబ్బర్లు బళ్ళారిలో ఒక ముసలి కొట్టాయన దగ్గర దొరికాయి. మిగతా రెండు చక్రాలకు రావడానికి ఇంకో పదిహేను రోజులు పడుతుందన్నాడు. శ్రావణంలో ఆఖరి సోమవారం ఆరు రోజుల్లో ఉంది.

"వచ్చే ఏడు శ్రావణం రాదా ఏమప్పా?" అన్నాడు మేస్త్రీ.

నేను అమ్మకు మాటిచ్చేశాను. వీధిలో అందరికీ చెప్పేశాను కూడా, అసలు సంగతి అది. నాన్న బండిలో నేను స్టీరింగు పట్టుకుని, కొబ్బరికాయ కొట్టించుకుని, వీధంతా చూస్తుండగా బయల్దేరడాన్ని రోజూ ఊహించుకునేవాణ్ణి. భక్తి అనే పెట్టెలో పెట్టిన డంబం అది.

బళ్ళారి నుంచి వచ్చిన రబ్బర్ల ఖాళీ పెట్టె షెడ్డులో పడి ఉంటే తీసి జేబులో వేసుకున్నాను. ఎమ్మిగనూరులో ఒక కొట్లో దొరికిన చౌక రబ్బర్లు కొని ఆ పెట్టెలో పెట్టాను. నానబెట్టిన వాసన రావాలి కాబట్టి, బస్సెక్కే ముందు బ్రేకు ఆయిల్లో రెండు నిమిషాలు ముంచి తుడిచాను. మరమగ్గం చీరకు గంజి పెట్టి చేతి మగ్గమని చెప్పే వెధవలు కూడా ఇంత శ్రద్ధ తీసుకోరు.

"మేస్త్రీ, నా అదృష్టం, బళ్ళారి కొట్టాయన దగ్గర ఇంకో పెట్టె ఉండింది. నేనే పోయి తెచ్చినా. నిన్న రాత్రంతా ఇంట్లో నానబెట్టినా, ఉబ్బలేదు" అన్నాను.

ఆయన ఒక రబ్బరు చేతిలోకి తీసుకుని గోరు దించాడు. ఇంకోసారి దించాడు.

"మెత్తగుంది గదప్పా."

అప్పటికి ఆయనకు చక్కెర జబ్బు వచ్చి పదేళ్ళు. వేళ్ళ చివర్లు మొద్దుబారుతున్నాయని నాతోనే చెప్పుకున్నాడు ఒకసారి. అది గుర్తు పెట్టుకుని అన్నాను. "నీ వేళ్ళకు తెలుస్తాందా మేస్త్రీ? స్పర్శ లేదంటివి కదా."

ఆయన తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ చూపు నేను బతికున్నంతకాలం నాతోనే ఉంటుంది. "నిజమేలేప్పా. నువ్వు నీ సేత్తో నానబెట్టినావా?"

"నా చేత్తో నానబెట్టినా."

"టాక్సీ అన్న కొడుకువి. నువ్వు సెప్తే ఇంకేముంది" అని బిగించాడు.

ఆఖరి సోమవారం అనుకున్నట్టే జరిగింది. వీధి చూసింది, కొబ్బరికాయ పగిలింది, అమ్మ ముందు సీట్లో కొత్త చీర సర్దుకుని కూర్చుంది. ఉరుకుంద ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు నిండా జనం. ఎదురుగా ఒక బస్సు ఆగింది. దాని వెనక నెత్తిన మూటలు, చంకన పిల్లలతో నడుస్తున్న ఒక కుటుంబం. బ్రేకు తొక్కాను. పెడలు అడుగంటింది, బండి ఆగలేదు. ఆ బండికి నాలుగు చక్రాల బ్రేకులకూ ఆయిలు ఒకటే, ఒకచోట కారితే నాలుగూ పోతాయి. చేతి బ్రేకు లాగి, స్టీరింగు పక్కకు తిప్పేశాను. బండి పత్తి చేను గట్టుకు గుద్దుకుని ఆగింది. ఆ పిల్లల తల్లికీ నా బండికీ మధ్య బారెడు దూరం ఉండింది. అమ్మ మణికట్టు విరిగింది. "ఈరన్నా" అని ఒక్క కేక వేసింది.

అమ్మను ఆసుపత్రికి పంపి, మేస్త్రీకి ఫోన్ చేసి, నేను బండి దగ్గరే కూర్చున్నాను. మధ్యాహ్నానికి మేస్త్రీ బస్సు దిగి, పనిముట్ల సంచి భుజానేసుకుని చేనుకడ్డంగా నడిచి వచ్చాడు. బురదలో గోనెపట్ట పరుచుకుని కూర్చుని చక్రం విప్పాడు. రబ్బరు అంచు చిరిగి ఉంది. దాన్ని ఎండకు పెట్టి చాలాసేపు చూశాడు. నాసి రబ్బరు మెత్తబడితే చిరుగుతుంది. బిగించేటప్పుడు చెయ్యి తడబడినా చిరుగుతుంది.

"నువ్వు రాత్రంతా నానబెట్టినావు కదప్పా?"

రెండోసారి అడిగాడాయన. ఆ చేనులో ఇంకెవరూ లేరు. నిజం చెప్పడానికి దేవుడు అంతకంటే మంచి చోటు ఎవరికీ ఇచ్చి ఉండడు.

"నానబెట్టినా మేస్త్రీ."

"అయితే సామాను మంచిదే. నా సెయ్యే మంచిది కాదు" అన్నాడు.

వారం తర్వాత నేను షెడ్డుకు పోయేసరికి ఆ రబ్బరు తీగకు వేలాడుతోంది. కింద రేకు మీద ఆయన చేతిరాత: 'మేస్త్రీ, ఆదోని.' దాని కింద చిన్న అక్షరాలతో: 'బిగించిన చెయ్యి.' నేను దాని కిందే నిలబడి టీ తాగాను. అట్లా నిలబడి టీ తాగగలిగినవాణ్ణి ఏ తిట్టు తిట్టాలో మేస్త్రీకే తెలుసు. ఆ తిట్టు ఆయన దగ్గర ఉండి కూడా నాకు అందలేదు.

అక్కడి నుంచి ఆయన సామాను చూడడం మానేశాడు. ఎవరైనా తెచ్చి ముందు పెడితే రెండు చేతులూ ఒడిలో పెట్టుకునేవాడు. "నా సెయ్యి సెప్పేది నేనే నమ్మను, నువ్వేం నమ్ముతావప్పా. యాడన్నా పోయి సూపించుకో" అనేవాడు. స్పేర్ పార్టుల కొట్లవాళ్ళు సంబరపడ్డారు. మిల్లు ఆసామి స్వీట్లు పంచాడని కూడా విన్నాను. తొమ్మిది నెలల్లో నేను నాలుగుసార్లు ఆదోని పోయాను. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాననుకుంటూ బస్సెక్కి, ఆయన ఆరోగ్యం గురించి అడిగి బస్సెక్కి వచ్చేవాణ్ణి. ఐదోసారి పోయింది ఆయన దినాలకు.

భోజనాలు అయిపోయి జనం వెళ్ళిపోయాక ఆయన భార్య షెడ్డులో ఒక్కతే కూర్చుని ఉంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను ఆమెను. నేల మీద కూర్చుని అంతా చెప్పాను. పెట్టె సంగతి, రెండు నిమిషాల సంగతి, వేళ్ళ గురించి నేనన్న మాట. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"పోయే ముందర్రోజు గూడ సేతులు సూసుకుంటాండె" అంది. "ఈ సేతులు టాక్సీ అన్న ఇంటామెను సంపబాయె గదే, పిల్లల తల్లిని సంపబాయె గదే అని ఒగటే సతాయించె. నేను నూనె పెట్టి పిసికితే, ఎందుకులే వీటికి అనె."

నేను గుమ్మంలోని తీగ వైపు చూశాను.

"ఇయ్యాల సెప్తాండావు" అంది. "ఇనేటోడు పోయినాక."

లేచి, గోడ మీది గూట్లోంచి తెల్ల రంగు డబ్బా, బ్రష్షు తెచ్చి నా ముందు పెట్టింది. నూనె డబ్బా రేకు ముక్క ఒకటి వెతికి తెచ్చింది.

"రాయి."

నా పేరు, ఎమ్మిగనూరు అని రాశాను. ఆమెకు చదువు రాదు. రేకు అందుకుని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇంత సన్నగా రాస్తే ఎవురికి అగపడ్తాదప్పా? తుడిసేసి పెద్దగా రాయి."

మళ్ళీ రాశాను. స్టూలెక్కి ఆయన రేకు విప్పి, నాది కట్టాను. ఆయన రేకును ఆమె లాక్కుంది. కిరోసిన్ గుడ్డ తీసుకుని గుమ్మంలో కూర్చుని ఆ అక్షరాల్ని రుద్దడం మొదలుపెట్టింది. ఎండి తొమ్మిది నెలలైన రంగు, తొందరగా పోదు. నేను బస్సుకు బయల్దేరేటప్పటికి కూడా ఇంకా రుద్దుతూనే ఉంది.

మీరు ఎప్పుడైనా ఆదోని పోతే, పాత బండి ఉన్నా లేకపోయినా, ఒకసారి ఆ షెడ్డు దాకా వెళ్ళండి. తీగ చివర ఒక చిరిగిన రబ్బరు, దాని కింద ఒక రేకు, గాలికి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. అది మీవైపు తిరిగేదాకా ఆగి, చదవండి.